బొటనవేలిని వదిలేసిన సూది

శుక్రవారం ఉదయం తొమ్మిదీ పదికి నేను నరాల డాక్టరు గదిలో, నడుం ఎత్తు కూడా లేని ఓ చిన్న ఫ్రిజ్ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాను. పై అరలో ఊదారంగు మూతల గాజు సీసాలు ఐదున్నాయి. రిజిస్టరు ప్రకారం ఆరుండాలి.

"దీనికి తాళం వేసే అలవాటు లేదా డాక్టరు గారూ?"

"నిన్నటి నుంచి వేస్తున్నాను. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు," అందావిడ తన మీద తనే విసుక్కుంటూ.

"ఆరూ ఉండగా చివరిసారి ఎప్పుడు చూశారు?"

"పోయిన గురువారం పొద్దున. శుక్రవారం చూస్తే ఐదే. ఎక్కడో పగిలిపోయి ఉంటుందంది నర్సు. నేనూ సరేలే అనుకున్నాను. అదే నా తప్పు."

"ఆ గురువారం ఈ గదిలోకి ఎవరెవరొచ్చారు?"

"నలుగురు పేషెంట్లు. ముగ్గురు ఒకరు పట్టుకుంటే తప్ప అడుగెయ్యలేని ముసలివాళ్ళు. నాలుగో ఆయన వాద్యబృందంలో వాయించే పెద్ద వయొలిన్. పదకొండున్నరకి తమ్ముణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. చేయి చూపించుకుని పన్నెండుకి వెళ్ళిపోయాడు. మధ్యలో నాకు ఫోనొస్తే నాలుగైదు నిమిషాలు బయటికెళ్ళాను."

"ఆ నాలుగైదు నిమిషాలు లోపలున్నది?"

"ఆయన మంచం మీద. తమ్ముడు గుమ్మం దగ్గర."

నేను లేచి మోకాళ్ళు దులుపుకున్నాను. గుమ్మం నుంచి ఫ్రిజ్ ఐదడుగులు. మంచం నుంచి మూడు.

ఊళ్ళో పెద్ద వాద్యబృందంలో ఇద్దరు అన్నదమ్ములు వయొలిన్ వాయిస్తారు. అన్నకి నలభై ఆరు, తమ్ముడికి ముప్పై. అందరూ వాళ్ళని పెద్ద వయొలిన్, చిన్న వయొలిన్ అనే పిలుస్తారు. రేపు శనివారం సాయంత్రం ఆరింటికి ఇద్దరూ మొదటిసారి వేదిక మీద పక్కపక్కన నిలబడి వాయించాలి. మొన్న బుధవారం అన్నగారి ఎడంచేతి వేళ్ళు మూడు వాలిపోయాయి. నిన్న గురువారం మధ్యాహ్నం తమ్ముడి వయొలిన్ పెట్టెలో ఖాళీ సీసా ఒకటి దొరికింది. దాని మూత ఊదారంగుది. ఇన్‌స్పెక్టరు అతన్ని అక్కడికక్కడే జీపెక్కించాడు.

నిన్న సాయంత్రం ఐదింటికే పెద్ద వయొలిన్ భార్య నా డిటెక్టివ్ ఆఫీసుకొచ్చింది. "మా మరిది ఈ పని చెయ్యడు అన్నయ్య గారూ. తొమ్మిదేళ్ళ పిల్లాడప్పుడు మా అత్తగారు పోయారు. వాడికి జడుపు జ్వరం వచ్చినా, పరీక్ష పోయినా నా దగ్గరికే వచ్చేవాడు. మా ఆయన చెయ్యి పాడు చేసిందెవరో మీరు కనుక్కోండి," అంది.

నేను వెంటనే ఒప్పుకున్నాను. ఆవిడ మీద జాలితో ఒప్పుకున్నానని చెబితే అబద్ధం. ఆ ఇన్‌స్పెక్టరు నా తోడల్లుడు. మా ఆవిడ చెల్లెలి మొగుడు. పోలీసు ఉద్యోగంలో నాకంటే మూడేళ్ళు వెనక చేరాడు. నేను రాత్రింబవళ్ళు తిరిగి తేల్చిన కేసులో పతకం అతని చొక్కాకి ఎక్కింది. నేను పై అధికారితో గొడవపడి బయటికొచ్చేశాను, అతను మెట్టు మెట్టూ ఎక్కాడు. మా అత్తగారింటికి అతనొస్తే కుర్చీ తెచ్చి వేస్తారు. నేనొస్తే, "ఆ కుర్చీ ఇలా అందుకో నాయనా, చిన్నల్లుడొస్తున్నాడు," అంటారు. అతను పట్టుకున్నవాడు నిర్దోషి అని తేలడం కంటే నాకీ లోకంలో కావలసిందేముంది?

"ముడతలు పోవడానికి వేయించుకుంటారే, అదేనా ఈ మందు?" డాక్టరునడిగాను.

"అదే. బొటులినమ్. అసలుకది విషం. నరం నుంచి కండకి వెళ్ళే కబురుని మధ్యలో ఆపేస్తుంది. కొందరికి ముడతలు పోయాయి. ఈయనకి పాట తిరిగొచ్చింది."

"ఆయన వేళ్ళకేమైంది అసలు?"

"వేళ్ళకేమీ కాలేదు. దాన్ని ఫోకల్ డిస్టోనియా అంటారు. ఆయన టీ కప్పు పట్టుకుంటాడు, గుండీలు పెట్టుకుంటాడు, సూదిలో దారం కూడా ఎక్కిస్తాడు. వయొలిన్ భుజానికెత్తితే మాత్రం ఉంగరపు వేలూ చిటికెన వేలూ ముడుచుకుపోతాయి. ముప్పై ఏళ్ళు రోజుకి ఆరుగంటలు సాధన చేసిన చెయ్యి కదా. మెదడుకి ఆ రెండు వేళ్ళకీ తేడా తెలియకుండా పోయింది. ఒకదాన్ని పిలిస్తే రెండూ పలుకుతాయి."

"ఈ ఇంజెక్షన్ ఏం చేస్తుంది?"

"అతిగా లాగే కండని కాస్త నీరసపరుస్తుంది. కాస్తే. మూడు నాలుగు రోజులకి పని మొదలుపెడుతుంది, రెండు వారాలకి బాగా పడుతుంది, మూడు నెలలకి దానంతటదే దిగిపోతుంది. మళ్ళీ వేయాలి. తక్కువైతే వేలు ముడుచుకుంటుంది, ఎక్కువైతే వేలాడుతుంది. ఆయనకి సరిపడే మోతాదు పట్టుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఇరవై యూనిట్లు. సీసాలో వందుంటాయి."

"చివరిసారి మీరు వేసిందెప్పుడు?"

"ఇరవై ఆరు రోజుల క్రితం. బ్రహ్మాండంగా పనిచేసింది. పోయిన గురువారం ఇక్కడే వాయించి చూపించాడు. కాబట్టి మొన్న బుధవారం వాలిపోయిన వేళ్ళకి నా ఇంజెక్షన్ కారణం కాదు. ఎవరో మధ్యలో ఇంకోటి వేశారు. బుధవారం నుంచి మూడురోజులు వెనక్కి లెక్కెయ్యండి."

ఆదివారం. పెద్ద వయొలిన్ పోలీసులకిచ్చిన వాంగ్మూలం కూడా అదే చెబుతోంది. ఆదివారం నాలుగింటికి సాధన మధ్యలో విశ్రాంతి గదిలో తమ్ముడు టీ తెచ్చిచ్చాడు. తాగగానే నిద్ర ముంచుకొచ్చింది. ఐదింటికి తమ్ముడే తట్టి లేపాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి ఉంది, ముంజేతి మీద నాలుగు ఎర్రటి చుక్కలున్నాయి. దోమలేమో అనుకున్నాడు.

"ఆ నాలుగు చుక్కలూ మీరు చూశారా?"

ఆవిడ మూలనున్న యంత్రం వైపు నడిచి దాని మీద చెయ్యి వేసింది.

"సూది ఏ కండలో ఉందో నాకు కంటికి కనబడదు. ఈ యంత్రం వినిపిస్తుంది. కండ కదిలితే బాణలిలో నూనె చిటపటలాడినట్టు శబ్దమొస్తుంది. ఆ శబ్దం విని ఇదే కండ అని నిర్ధారించుకున్నాకే మందు వదులుతాను. నిన్న ఆయన చెయ్యి చూశాను. ఆ నాలుగు చుక్కలూ సరిగ్గా నేను వేసే చోటే ఉన్నాయి. అర అంగుళం పక్కకి జరిగితే బొటనవేలు పడిపోయేది. ఇంకాస్త పక్కకైతే మణికట్టు పడిపోయేది. రెండూ బాగున్నాయి. ఇప్పటికీ ఆయన గుండీలు తనే పెట్టుకుంటున్నాడు."

"అంటే పొడిచినవాడికి చెయ్యి తెలుసు."

"తెలియడమొక్కటే కాదు. జాగ్రత్తపడ్డాడు. పగబట్టినవాడు ఇంత ఒద్దికగా పొడుస్తాడా? నాకర్థం కావడం లేదు."

"తమ్ముడికి ఆ చోట్లు తెలిసే అవకాశముందా?"

డాక్టరు మొదటిసారి నవ్వింది. "రెండేళ్ళలో ఒక్కసారి లోపలికొచ్చి చూశాడు. సూది దిగగానే కళ్ళు తేలేశాడు. అన్నగారిని మంచం దింపి తమ్ముణ్ణి పడుకోబెట్టాల్సొచ్చింది."

"నటించాడంటాడు మా ఇన్‌స్పెక్టరు."

"నాడి నలభైకి పడిపోవడం నటించలేడు."

"మరి అన్నగారు? ఇంజెక్షన్ వేసేటప్పుడు మొహం తిప్పుకుంటాడా?"

"అయ్యో, ఆయనా! ఒక్కోసారి నాకంటే ముందే చెప్పేవాడు. ఆ చిటపటలు విని, 'ఇది కాదు డాక్టర్, పక్కది,' అనేవాడు. ఎంతైనా సంగీతం చెవులు కదా."

ఆ మాట అన్నాక ఆవిడ నవ్వు ఆగిపోయింది. నేను టోపీ పెట్టుకున్నాను.

సాధన మందిరానికి పదకొండుంబావుకి చేరాను. విశ్రాంతి గది పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. ఒక సోఫా, ఒక బల్ల, గోడకి అద్దం, మూలన చేతులు కడుక్కునే తొట్టి, దాని మీద కుళాయి. కిటికీ లేదు. లోపల వాయించేది బయటికి పోకుండా తలుపు చుట్టూ రబ్బరు పట్టీ ఉంది. బల్ల మీద ఇంకా రెండు టీ మరకలు గుండ్రంగా ఎండిపోయి ఉన్నాయి. కప్పులు పోలీసులు తీసుకెళ్ళారు.

తలుపుకి లోపలివైపు ఇత్తడి గడియ ఉంది. పైకెత్తి, పక్కకి జరిపి, కిందికి నొక్కితే గాని పడదు. బయటినుంచి దారంతో లాగుదామన్నా రబ్బరు పట్టీలో సూదిమొన దూరే సందు లేదు. నేను మూడుసార్లు వేసి తీశాను. మూడోసారి తీసేసరికి ఎదురుగా చీపురు పట్టుకుని ఊడ్చే మనిషి నిలబడి ఉంది.

"మీరూ గడియ పెట్టుకుంటారేంటి బాబూ? నన్ను ఊడవనివ్వరా?"

"నాకంటే ముందు పెట్టుకున్నదెవరు?"

"పెద్ద వయొలిన్ బాబు. ఆదివారం."

"ఎన్నింటికి?"

"నాలుగూ ఇరవైకి చెత్తబుట్ట తీసుకెళ్దామనొచ్చాను. తోశాను, రాలేదు. తలుపు కొట్టాను, పలకలేదు. చెవి ఆనిస్తే కుళాయి నీళ్ళు పోతున్నాయి. చేతులు కడుక్కుంటున్నారు కాబోసనుకుని వెళ్ళిపోయాను."

"చిన్నాయన ఎక్కడున్నాడప్పుడు?"

"వెనక మెట్ల మీద. ఒకటే ముక్క, మళ్ళీ మళ్ళీ అదే వాయిస్తున్నాడు. వినీ వినీ నాకూ వచ్చేసింది. ఐదుకి పది నిమిషాలుందనగా ఆపాడు."

"ఈ మాట పోలీసులకి చెప్పలేదా?"

"వాళ్ళు నన్నడిగితేగా! 'ఏయ్, పక్కకి జరుగు,' అన్నారు. జరిగాను."

మత్తుమందు తాగి పడుకున్నవాడు గడియ ఎలా పెట్టుకుంటాడు? నిద్రపోతున్నవాడి గదిలో కుళాయి ఎవరు తిప్పుతారు? సోఫా మీద కూర్చున్నాను. చొక్కా ఎడంచెయ్యి పైకి మడిచి, జేబులోంచి పెన్ను తీసి, కుడిచేత్తో ముంజేతి మీద నాలుగు చోట్ల ఆనించి చూసుకున్నాను. నాలుగు చోట్లూ సులువుగా అందాయి.

"పచ్చబొట్టు పొడిపించుకుంటున్నావా అన్నయ్యా?"

ఆ గొంతు వింటే చాలు, నాకు పళ్ళు జివ్వుమంటాయి. మా తోడల్లుడు గుమ్మంలో ఆనుకుని నిలబడ్డాడు. ఇస్త్రీ నలగని చొక్కా, అద్దంలాంటి బూట్లు.

"నువ్విక్కడికెందుకొచ్చావు తమ్ముడూ? నీ కేసు తేలిపోయిందిగా?"

"తేలిపోయింది కాబట్టే వచ్చా. తీరిక దొరికింది. వదిన ఫోన్ చేసి, మీ అన్నయ్య పొద్దున టిఫిను కూడా తినకుండా వెళ్ళారు, కాస్త చూడమంది." జేబులోంచి అరటిపండు తీసి బల్ల మీద పెట్టాడు.

అతను నన్ను తిట్టి ఉంటే బాగుండేది. అరటిపండు పెట్టాడు. మా ఆవిడ కూడా నా సంగతి అతనికి చెప్పుకుంటోందన్నమాట.

"నీకు లెక్కలు రావని నాకు ముందే తెలుసు," అన్నాను. "అన్న చెయ్యి పడిపోతే వేదిక తమ్ముడిదవుతుంది, అదేగా నీ వాదన? మరి ఆ తమ్ముడు సీసా తన వయొలిన్ పెట్టెలోనే దాచుకుంటాడా? రోజుకి పదిసార్లు తెరిచే పెట్టెలో?"

"తొందరలో తప్పులు చేస్తారు. నీకు తెలియనిదా? నువ్వూ చేశావుగా, రాజీనామా."

"నేనైతే ముందు ఊడ్చే మనిషిని అడిగేవాణ్ణి."

"ఏమని?"

అక్కడ నేను నోరు మూసుకోవాల్సింది. కేసు ఇంకా నా చేతిలో పచ్చిగానే ఉంది. మూసుకోలేదు. ఆ ఇస్త్రీ చొక్కాని చూస్తూ మూసుకోవడం నా వల్ల కాలేదు. గడియ సంగతి చెప్పాను. కుళాయి సంగతి చెప్పాను. మెట్ల మీద వయొలిన్ సంగతీ చెప్పాను. రబ్బరు పట్టీ చూపించాను. అతని మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా తగ్గుతుంటే నాకు కడుపులో చల్లగా ఉంది.

అతను చిన్న పుస్తకం తీసి అంతా రాసుకున్నాడు. "నాలుగూ ఇరవై. గడియ లోపల. బాగుంది అన్నయ్యా. థాంక్స్." బూట్లు టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయాడు. అరటిపండు అక్కడే ఉండిపోయింది.

మధ్యాహ్నం రెండింటికి పెద్ద వయొలిన్ ఇంటి తలుపు ఆయన భార్యే తీసింది. "ఏమైనా తెలిసిందా అన్నయ్య గారూ?" అంది మెల్లగా. నేను ఆవిడ కళ్ళలోకి చూడలేక, "కాసేపు ఆయనతో ఒంటరిగా మాట్లాడాలమ్మా," అన్నాను. ఆవిడ తల ఊపి వంటింట్లోకి వెళ్ళింది.

ఆయన ముందుగదిలో పడక్కుర్చీలో కూర్చున్నాడు. ఒళ్ళో దిండు, దిండు మీద ఎడంచెయ్యి. గది నిండా ఆయన ఫోటోలే. ఒక్కదాంట్లోనే తమ్ముడున్నాడు. అందులో కూడా అతను అన్నగారికి పూలదండ వేస్తున్నాడు.

"మీ వాళ్ళు మళ్ళీ పంపించారా?" అన్నాడు.

"వాళ్ళు నా వాళ్ళు కాదులెండి. రెండు మూడు ప్రశ్నలే. ఆదివారం నాలుగింటికి ముందు మీరు ఈ చేత్తో ఏం వాయించారు?"

"సాధనలో ఉన్నదే. నెమ్మదిగా సాగే భాగం."

"బాగా వచ్చిందా?"

"ఎందుకు రాదు?" అన్నాడు చురుగ్గా. "తప్పేమీ పోలేదు."

"తమ్ముడికి?"

ఆయన కిటికీ వైపు చూశాడు. "వాడికీ వచ్చింది."

నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను. ఇక మీద నేను చేయబోయేది మంచి పని కాదు. కానీ సాయంత్రం కోర్టుకి పంపేలోగా తేలకపోతే ఆ కుర్రాడి జీవితం మీద చెరగని మచ్చ పడుతుంది.

"పొద్దున మీ డాక్టరు దగ్గర్నుంచే వస్తున్నాను. మీతో చెప్పడానికి ఆవిడకి ధైర్యం చాల్లేదు. సీసాలో వంద యూనిట్లూ మీ చేతిలోకి వెళ్ళిపోయాయట. అంత మందు పడితే నరం చచ్చిపోతుందట. మూడు నెలలకి దిగే రకం కాదట ఇది. ఈ వేళ్ళు ఇక లేవవు."

అబద్ధం చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆయన చివ్వున లేవబోయాడు. దిండు కింద పడిపోయింది.

"తప్పు. ఆవిడకి తెలీదు. నరం ఎందుకు చస్తుంది? వంద కాదు."

"సీసా ఖాళీగా దొరికింది కదండీ."

"ఖాళీ అయితే? నలభై తొట్టిలో పారబోస్తే ఖాళీ అవదూ? పడింది అరవై! అరవైకి ఏమీ కాదు, మూడు నెలల్లో..."

అక్కడ ఆగిపోయాడు. నేను గోడ గడియారం చూశాను. రెండూ ఇరవై ఎనిమిది.

"నిద్రలో పొడిపించుకున్నవాడికి ఎన్ని పడ్డాయో ఎలా తెలుసు?" అన్నాను.

దొంగకి తేలు కుట్టినట్టయింది. తర్వాత ఆయనే మొదలుపెట్టాడు. నాకు చెబుతున్నట్టు లేదు.

"వాడి చేతికి మొదటి వయొలిన్ ఇచ్చింది నేను. కమాను పట్టుకోవడం నేర్పింది నేను. నా వేళ్ళు ముడుచుకుపోయాక రెండేళ్ళు నా కుర్చీలో కూర్చున్నాడు. నేను బాగుపడి తిరిగొస్తే లేచి, తన చేతిరుమాలుతో ఆ కుర్చీ తుడిచి ఇచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు కాదు, వాడు తుడిచినందుకు. ఇవ్వనని మొండికేస్తే పోట్లాడేవాణ్ణి. తుడిచినవాడితో ఏమని పోట్లాడతాను?"

"సాధనలో ఏం జరిగింది?"

"మా బృందాన్ని నడిపే ముసలాయనున్నాడు. నేను వాయించేటప్పుడు ముందున్న కాగితం చూస్తాడు. వాడు వాయించేటప్పుడు కళ్ళు మూసుకుంటాడు. అదే భాగం, అవే స్వరాలు. నెల రోజులు గమనించాను. నాకు ఒక్కసారి కూడా కళ్ళు మూసుకోలేదు. రేపు వెయ్యిమంది ఎదురుగా ఇద్దరం పక్కపక్కన నిలబడితే, ఆ వెయ్యిమందీ వింటారు. విన్నాక పోలుస్తారు. ఓడిపోయానని పేపర్లో చదవడం కంటే చెయ్యి పడిపోయిందని చదవడం నయం అనిపించింది. మూడు నెలలే కదా. చెయ్యి చెడకుండా వేసుకున్నాను."

"మానుకుంటే సరిపోయేది. సీసా తమ్ముడి పెట్టెలోకి ఎలా వెళ్ళింది?"

ఆయన నా వైపు చూడలేదు. "నాలుగు ప్రశ్నలడిగి వదిలేస్తారనుకున్నాను. వాడి మీద ఒక చిన్న మచ్చ... అందరూ వాణ్ణి చూసినప్పుడల్లా కాస్త అనుమానం... అంతే అనుకున్నాను."

నాకు ఆయన మీద అసహ్యం వేయాలి. వేయలేదు. అరటిపండు గుర్తొచ్చింది.

జేబులో ఫోన్ మోగింది. తోడల్లుడు. రెండూ యాభై. నేను బల్ల మీద పెట్టి, పెద్ద వయొలిన్‌కి కూడా వినబడేలా స్పీకరు నొక్కాను. పోలీసు చేతిలో పెట్టబోయే మనిషి ఎదురుగానే తోడల్లుడి నోరు మూయించాలని నా ఉబలాటం.

"తమ్ముడూ, కూర్చునున్నావా? కూర్చో. నీకో కబురు."

"నా కబురు ముందు విను అన్నయ్యా. నీ గడియ భలే పనికొచ్చింది. స్టేషన్‌కొచ్చి ఆ కుర్రాడికి చెప్పాను. ఏమయ్యా, లోపల గడియ పడి ఉందట, మీ అన్న ఒక్కడే లోపలున్నాడట, కుళాయి పారుతోందట, నువ్వు మెట్ల మీద వాయిస్తున్నావట, నిజమేనా అని. వదిలేద్దామనే అడిగాను, ఒట్టు. రెండు నిమిషాలు నోరు తెరవలేదు. తర్వాత కాగితం ఇమ్మన్నాడు."

"ఏ కాగితం?"

"నేరం ఒప్పుకుంటూ రాసిచ్చాడు. లోపల గడియ పెట్టింది తనేనట. మెట్ల మీద వినబడింది ఫోన్లో పెట్టిన రికార్డింగట. ఊడ్చేవిడని మళ్ళీ అడిగించాను. విందిగాని మనిషిని చూడలేదంది. అన్న మీద ఓర్వలేనితనంతో చేశానని చివర్లో రాశాడు. నాలుగింటికి కోర్టుకి పంపిస్తున్నాను. ఇప్పుడు చెప్పు, నీ కబురేంటి?"

గడియ మాట చెవిన పడ్డ రెండు నిమిషాల్లో ఆ కుర్రాడికి అంతా అర్థమైపోయింది. ఎవరు చేశారో తెలుసుకుని మరీ సంతకం పెట్టాడు. ఆ గడియని వాడి చెవిదాకా చేర్చింది నేను. ఇస్త్రీ చొక్కా మీద కడుపుమంటతో చేర్చాను.

"మళ్ళీ చేస్తాను," అని ఫోన్ కట్టేశాను.

పెద్ద వయొలిన్ కుర్చీలో ముందుకు వంగి, ఆ ఫోన్ వైపే చూస్తున్నాడు. ఏడుస్తాడేమోననుకున్నాను. ఆయన పెదవులు వంకర తిరిగాయి.

"చూశారా?" అన్నాడు. "ఇందులో కూడా వాడే పెద్దోడయ్యాడు. రేపు ఊరంతా వాణ్ణి తిడుతుంది, మా ఇంట్లో మాత్రం వాడు దేవుడు. బతికినంతకాలం నేను వాడి దయ మీద బతకాలి. ఎవడడిగాడు వాణ్ణి?"

"ఇప్పుడే నాతో స్టేషన్‌కి రండి. గంట టైముంది."

ఆయన కింద పడ్డ దిండు తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. చెయ్యి మళ్ళీ దాని మీద ఉంచాడు. గొంతు మామూలైపోయింది.

"ఎందుకు రావాలి? వాడు రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. నేను మీకేమైనా చెప్పానా? ఈ గదిలో మీరూ నేనూ తప్ప ఎవరున్నారు? పైగా మీకూ ఆ ఇన్‌స్పెక్టరుకీ పడదని ఊరంతా తెలుసు. ఎవరు నమ్ముతారు మిమ్మల్ని?"

ఆయన చెప్పింది ప్రతి అక్షరం నిజం.

వంటింటి గుమ్మంలో ఏదో చప్పుడైంది. ఆవిడ రెండు మంచినీళ్ళ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. ఒకటి ఒలికి, చీర కుచ్చిళ్ళన్నీ తడిసి ఉన్నాయి. ఎంతసేపటి నుంచి అలా నిలబడిందో ఆ తడే చెబుతోంది.

"నేను విన్నాను," అంది.

"నువ్వు లోపలికెళ్ళు," అన్నాడాయన.

"అరవై అన్నప్పటి నుంచీ విన్నాను." గ్లాసులు రెండూ జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. "చిన్నోడు నిన్న మధ్యాహ్నం నుంచి ఏమైనా తిన్నాడో లేదో కూడా నాకు తెలీదు."

"నువ్వు నోరు విప్పితే నీ మొగుడు బోనెక్కుతాడు. నీ మరిది రేపు వేదిక ఎక్కుతాడు. అదేనా నీకు కావాల్సింది?" ఆయన గొంతు పైకి లేచింది. "ఎప్పుడూ వాడే! మొదట్నుంచీ నీకు వాడే ఎక్కువ!"

ఆవిడ ఆయన వైపు చూసింది. ఇరవై ఒక్కేళ్ళ కాపురంలో ఆ మాట ఆవిడ మొదటిసారి వింటోందని నాకనిపించింది. ఆవిడ వీధి గుమ్మం దగ్గరికొచ్చి చెప్పులు తొడుక్కుంది.

"మూడు దాటింది అన్నయ్య గారూ. పదండి," అంది నాతో. "ఆ కాగితం స్టేషన్ దాటకముందే వెళ్ళాలి."